ప్లాన్‌కు నక్షత్రాలు వేశారు, ఇంటిని ఎప్పుడు చూస్తారు?

గౌరవనీయులైన సమాఖ్య, రాష్ట్రాల భవన నిర్మాణ మంత్రులకూ, ఆస్ట్రేలియన్ బిల్డింగ్ కోడ్స్ బోర్డు సభ్యులకూ:

2025 ఆగస్టులో కాన్‌బెర్రాలో ఆర్థిక సంస్కరణల రౌండ్‌టేబుల్ ముగిసిందో లేదో, ఇళ్ళకు సంబంధించి నేషనల్ కన్‌స్ట్రక్షన్ కోడ్‌లో 2029 మధ్య వరకు ఇక కొత్త మార్పులుండవని సమాఖ్య ప్రభుత్వం ప్రకటించింది. భద్రతకూ నాణ్యతకూ తప్పనిసరైనవి మాత్రం మినహాయింపు అంది. అయిదేళ్ళలో 12 లక్షల ఇళ్ళు లేవాలి, మూడేళ్ళకోసారి కోడ్ మారుతుంటే బిల్డర్లకు ఊపిరాడడం లేదు, అందుకని ఈ విరామం. ఇళ్ళు కావాలన్న మాటకు నేనూ అడ్డు చెప్పను. శనివారం పొద్దున అద్దె ఇంటి ఇన్‌స్పెక్షన్‌కు వీధి చివరి దాకా వరస కట్టిన కుర్రకారును చూసినవాళ్ళెవరూ చెప్పరు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. కోడ్‌ను ఆపితే ఆపారు. ఆ కోడ్ ప్రకారం కట్టిన ఇల్లు చెప్పినట్టే నడుస్తోందా అని చూసే పని మాటేమిటి? అదీ ఆగిపోయినట్టేనా? అసలు ఆ పని ఎప్పుడైనా గట్టిగా మొదలైందా?

ఈ ఉత్తరం తెలుగులో రాయడానికి కారణముంది. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నవాళ్ళు ఈ దేశంలో దాదాపు 60 వేలు. వాళ్ళలో చాలామంది ఉండేది మీ కోడ్ పుణ్యమా అని నిన్నగాక మొన్న లేచిన కాలనీల్లోనే. సిడ్నీలో స్కోఫీల్డ్స్, ద పాండ్స్, మార్స్‌డెన్ పార్క్. మెల్‌బోర్న్‌లో టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్. హౌస్ అండ్ ల్యాండ్ ప్యాకేజీకి ముప్ఫై ఏళ్ళ మార్టిగేజ్ రాసిచ్చినవాళ్ళు. మీరు నిర్ణయించే ప్రతి అంకె మొదట పడేది వీళ్ళ పైకప్పు మీద, తర్వాత వీళ్ళ కరెంటు బిల్లు మీద. మీరు ఏ రుజువు చూసి నిర్ణయిస్తున్నారో వీళ్ళకూ తెలియాలి.

ఇంతకీ మీ రుజువు ఎలా పుడుతుంది? ఇల్లు కట్టకముందే ఒక అసెసర్ ప్లాన్ పీడీఎఫ్ తెరుస్తాడు. ఏ గోడ ఏ దిక్కుకుంది, కిటికీ ఎంత, సీలింగ్ మీద ఇన్సులేషన్ ఎంత, పైకప్పు రంగేమిటి, అన్నీ ఇళ్ళకు నక్షత్రాలు వేసే జాతీయ పథకం నాట్‌హెర్స్ ఆమోదించిన సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తాడు. దాని లోపల జాతీయ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ఓ తయారుచేసిన ‘చెనాత్’ అనే ఇంజిన్ ఏడాది పొడుగునా ప్రతి గంటకూ లెక్క కట్టి, ఆ ఇంటిని వెచ్చగానో చల్లగానో ఉంచడానికి చదరపు మీటరుకు ఎన్ని మెగాజౌళ్ళు కావాలో తేలుస్తుంది. దాన్నిబట్టి పదికి ఇన్ని నక్షత్రాలు. కోడ్‌లో 2003లో 4, 2006లో 5, 2010లో 6, 2022 కోడ్‌తో 7. నక్షత్రాలు పెరుగుతూ వచ్చాయి. ఇల్లు కట్టడం పూర్తయ్యాక ఎవరైనా వచ్చి ఆ ఏడూ నిజంగా ఉన్నాయా అని కొలవాలన్న నియమం మాత్రం రాలేదు. జాతకాలు కలిశాయని పెళ్ళి చేసి, కాపురం ఎలా ఉందని ఆ తర్వాత ఎవరూ అడగని వ్యవహారం ఇది.

సిమ్యులేషన్ దండగ అనడం లేదు. కాగితం మీద ఉన్న రెండు ప్లాన్లలో ఏది మేలో, ఇటుక పేర్చకముందే చెప్పగలిగిన పద్ధతి అదొక్కటే. పడమటి కిటికీ చిన్నది చేస్తే ఎంత లాభం, కప్పు రంగు తేలిక చేస్తే ఎంత లాభం అన్నదానికి అంతకన్నా చవకైన సమాధానం లేదు. అయితే ఆర్కిటెక్చర్ విద్యార్థులు చదివే గ్రోట్, వాంగ్‌ల పరిశోధనా పద్ధతుల పుస్తకం తెరిచి చూడండి. చరిత్ర అధ్యయనం, గుణాత్మక పరిశీలన, సహసంబంధాల అధ్యయనం, ప్రయోగం, సిమ్యులేషన్, తార్కిక వాదన, కేస్ స్టడీ, ఇలా ఏడు దారులు చూపిస్తారు వాళ్ళు. ఒక్కో దారి ఒక్కో ప్రశ్నకు జవాబిస్తుంది. మీరు ఏడింటిలో ఒకదాన్ని పట్టుకుని, అది జవాబివ్వలేని ప్రశ్నకు కూడా దాన్నే సాక్ష్యం చెప్పమంటున్నారు. ‘ఈ ప్లాన్ ఆ ప్లాన్ కన్నా నయమా’ అన్నది దానికి తెలుసు. ‘ఈ ఇంట్లో జనవరి మధ్యాహ్నం మనిషి నిద్రపోగలడా’ అన్నది దానికి ఎలా తెలుస్తుంది?

నిద్ర మాట ఊరికే అనలేదు. మీ సాఫ్ట్‌వేర్‌లో పడకగదిని చల్లబరచాల్సిన వేళలు సాయంత్రం 4 నుంచి మర్నాడు ఉదయం 9 దాకా. మిగతా ఏడు గంటలు ఆ గదిలో ఎవరూ లేరని లెక్క. నాకు బాగా తెలిసిన ఒక రెండంతస్తుల ఇంట్లో ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు ఉంటుంది. ఆమె ఇంటికి చేరేది ఉదయం ఎనిమిదిన్నరకు. పడుకునేది సరిగ్గా మీ లెక్కలో గది ఖాళీగా ఉన్న వేళ. గది మేడ మీద, కిటికీ పడమరకు. కిటికీ అద్దానికి లోపలి నుంచి వంటింటి అల్యూమినియం ఫాయిల్ టేపుతో అంటించి ఉంటుంది, అంచుల్లో టేపు ఎండకు ఊడి మళ్ళీ మళ్ళీ అంటించిన మచ్చలతో సహా. ఇంటి సర్టిఫికెట్ నిక్షేపంగా ఉంది, నక్షత్రాలకు ఏ లోటూ లేదు. టాక్సీ నడిపేవాళ్ళు, గిడ్డంగుల్లో రాత్రి షిఫ్టు వాళ్ళు, వృద్ధాశ్రమాల్లో పనిచేసేవాళ్ళు, ఈ నగరాలను రాత్రిపూట నడిపే వలస జనంలో చాలామంది మీ టైమ్‌టేబుల్ బయటే నిద్రపోతారు. వాళ్ళను కోడ్ చూడలేదంటే అది వాళ్ళ తప్పా?

ఇక మీ సాఫ్ట్‌వేర్‌లో కాపురముండే మనిషి బుద్ధిమంతుడు. బయట చల్లగాలి రాగానే కిటికీ తీస్తాడు, దానితో పని జరగకపోతేనే ఏసీ వేస్తాడు. అసలు మనిషి ముందు పక్కింటి గోడను చూస్తాడు. రెండిళ్ళ మధ్య ఒక్కో వైపు 90 సెంటీమీటర్లు వదిలిన సందులో కిటికీ తీస్తే వచ్చేది గాలి కాదు, పక్కవాళ్ళ ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఊదే వేడి. దొంగల భయం, ఈగలు, 2019-20 వేసవిలోనైతే వారాల తరబడి కార్చిచ్చు పొగ. కిటికీ మూసి ఉండడానికి మనుషులకు నూరు కారణాలుంటాయి. ఒక్కటీ మెగాజౌళ్ళలోకి ఎక్కదు.

వాతావరణ ఫైళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. మీ లెక్కలకు ఆధారమైన ఫైళ్ళను 2022లో కొత్తగా చేశారు, మంచిదే. కానీ అవి 1990 నుంచి 2015 దాకా నమోదైన వాతావరణం నుంచి ‘మామూలు’ నెలలను ఏరి కూర్చినవి. పశ్చిమ సిడ్నీలోని పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు కాసింది 2020 జనవరి 4న. ఆ రోజు భూగోళం మీదే అత్యంత వేడి ప్రదేశాల వరుసలో పెన్రిత్ ముందుంది. ఆ రోజు ఫైలులో లేదు. ఉన్నా, మామూలు నెలల ఎంపికలో అలాంటి రోజు జారిపోవడానికే అవకాశం ఎక్కువ. పశ్చిమ సిడ్నీలో ఇల్లు కొనేవాడికి కావలసింది మామూలు నెలలో సగటు బిల్లు ఒక్కటే కాదు, ఆ రోజు కరెంటు పోతే ముసలి తల్లిని ఏ గదిలో కూర్చోబెట్టాలన్నది కూడా. ఆ ప్రశ్నను మీ పద్ధతి అసలు అడుగుతోందా? ఇదే న్యూ సౌత్ వేల్స్‌లో ముదురు రంగు కప్పులను ఆపాలని ఒక మంత్రి తలపెడితే, 2022లో ఆ తర్వాత వచ్చిన మంత్రి దాన్ని పక్కన పడేశారు. కొలిచిన ఇళ్ళ వివరాలు బల్ల మీద గుట్టగా ఉండి ఉంటే అంత తేలిగ్గా పక్కన పడేసేవారా?

కొలవడం మీకు చేతకాదని కాదు. ఈ దేశానికి చేతనైనంత బాగా ప్రపంచంలో ఇంకెవరికీ చేతకాలేదు, ఆఫీసుల విషయంలో. 1998లో న్యూ సౌత్ వేల్స్‌లో మొదలై తర్వాత నేబర్స్‌గా మారిన పద్ధతి ఏం చేస్తుంది? ఆఫీసు భవనం పన్నెండు నెలలు నిజంగా వాడిన కరెంటు బిల్లులు తెమ్మంటుంది. ఆర్కిటెక్ట్ ఏం అనుకున్నాడో దానికి అక్కర్లేదు. 2010 చట్టంతో, పెద్ద ఆఫీసును అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా ఆ రేటింగ్ బయటపెట్టడం తప్పనిసరైంది. మొదట 2,000 చదరపు మీటర్ల పైన ఉన్నవాటికి, 2017 నుంచి 1,000 మీటర్ల వాటికి కూడా. బ్రిటన్ 2020లో ఆ పద్ధతిని మన దగ్గర నుంచి తీసుకెళ్ళింది. సిడ్నీ జార్జ్ స్ట్రీట్‌లో అద్దాల మేడకు బిల్లు చూసి మార్కులేస్తారు. టార్నీట్‌లో నాలుగు పడకగదుల ఇంటికి బొమ్మ చూసి మార్కులేస్తారు. అద్దాల మేడను కొనేది పెన్షన్ ఫండ్, దానికి ఇంజనీర్లున్నారు, లాయర్లున్నారు. ఇంటిని కొనేవాడికి ఎవరున్నారు? మీరే కదా?

ఇళ్ళను ఒక్కసారి కూడా చూడలేదని అంటే అన్యాయం. చూశారు, చూసిన ప్రతిసారీ ఉలిక్కిపడేది ఏదో బయటపడింది. 2013లో సీఎస్ఐఆర్ఓ బ్రిస్బేన్, అడిలైడ్, మెల్‌బోర్న్‌లలో 414 ఇళ్ళను పట్టుకుని అయిదు నక్షత్రాల నియమం పనిచేసిందా అని అడిగింది. చలికాలంలో పనిచేసింది, మెల్‌బోర్న్‌లో అయితే బాగా పనిచేసింది. వేసవి చల్లదనం దగ్గరికి వచ్చేసరికి అలాంటి లాభం కనబడలేదు. నక్షత్రమనే ఒక్క అంకెలో చలీ వేడీ కలిపేస్తే, చలికాలం మార్కులతో ఎండాకాలం కూడా గట్టెక్కేస్తుందని అర్థమైంది. 2019 కోడ్‌లో వేడికీ చల్లదనానికీ విడివిడిగా హద్దులు పెట్టారు. ఇళ్ళలోకి వెళ్ళి చూస్తే కోడ్ ఎలా బాగుపడుతుందో మీ చరిత్రలోనే ఉంది. తర్వాత అదే సంస్థ రాజధాని నగరాల్లో నూరుకు పైగా ఇళ్ళకు తలుపు దగ్గర ఫ్యాన్ బిగించి గాలి ఎంత కారుతోందో చూసింది. 50 పాస్కల్స్ ఒత్తిడి దగ్గర ఇంట్లోని గాలి గంటకు సగటున 15 సార్లకు పైగా మారిపోతోంది. జర్మన్ల పాసివ్ హౌస్ ప్రమాణం 0.6. మనకు 0.6 కావాలని అనను, ఇక్కడి చలి వేరు, అక్కడి చలి వేరు. కానీ ప్లాన్‌లో గీసిన ఇన్సులేషన్ గోడలో ఉందా, ఉంటే సందులు లేకుండా పరిచారా అన్నది ప్లాన్ చూస్తే తెలుస్తుందా?

అడిలైడ్ విశ్వవిద్యాలయంలో టెరెన్స్ విలియమ్సన్, వెరోనికా సొయెబార్తో, ఆంటొనీ రాడ్‌ఫర్డ్ 2010లో ప్రచురించిన పని చిన్నదే, అయిదిళ్ళు. అన్నీ అవార్డులందుకున్న ఇళ్ళు. ప్రతి ఇంటికీ మూడు లెక్కలు పక్కపక్కన పెట్టారు: నియమం ఏమంది, మీటర్లు ఏమన్నాయి, అందులో ఉంటున్నవాళ్ళు ఏమన్నారు. మూడూ ఒక దారిన పోలేదు. అయిదిళ్ళతో దేశానికి నియమం రాయలేం, ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. కానీ నియమమే పొరబడి ఉండవచ్చు అని అనుమానించడానికి అయిదిళ్ళు చాలు. ఆ అనుమానాన్ని అయిదు వందల ఇళ్ళకు తీసుకెళ్ళడం ప్రొఫెసర్ల జేబు ఖర్చుతో అయ్యే పనా, ప్రభుత్వం పూనుకోవలసిన పనా?

మా వైపు ఉదాహరణ ఒకటి చెప్తాను. 2008 వేసవిలో, తర్వాత వానాకాలంలో, మాధవి ఇంద్రగంటి అనే ఆర్కిటెక్ట్ హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇంటింటికీ తిరిగారు. అయిదు భవనాలు, 45 ఫ్లాట్లు, నూరుమందికి పైగా మనుషులు, ఒకసారి అడిగి వదిలేయకుండా మళ్ళీ మళ్ళీ వెళ్ళి పోగుచేసిన దాదాపు నాలుగు వేల జవాబులు. ఒక చేతిలో థర్మామీటరూ గాలి వేగం కొలిచే పరికరమూ, ఇంకో చేతిలో ప్రశ్నల కాగితం. ఇప్పుడు మీకు ఉక్కగా ఉందా, హాయిగా ఉందా, ఏం కట్టుకున్నారు, ఫ్యాన్ ఎంతలో ఉంది, కిటికీ ఎందుకు మూశారు. అప్పటి భారత జాతీయ భవన నియమావళి వేసవికి 23 నుంచి 26 డిగ్రీలు హాయి అనేది. ఆ ఫ్లాట్లలో మనుషులు హాయిగా ఉన్నామన్నది 26 నుంచి 32.5 దాకా; సరిగ్గా మధ్యస్థమైన ఉష్ణోగ్రత 29.2. కిటికీ మూసి ఉండడానికి కారణాల్లో దోమలున్నాయి, ఎదురింటి చూపులున్నాయి, చప్పుడుంది. చీర కట్టు ఒంటికి ఎంత వెచ్చదనమిస్తుందో బర్క్‌లీ పరిశోధకులతో కలిసి ప్రయోగశాలలో కొలిచారు కూడా. ఒకే చీరను కట్టే తీరు మారితే ఆ అంకె మారుతుంది. పడమటి దేశాల దుస్తుల పట్టికల్లో పావడాకూ పైటకూ చోటెక్కడిది!

29.2ను తెచ్చి మార్స్‌డెన్ పార్క్‌లో అమలు చేయమని కాదు నేననేది. హైదరాబాద్ ఫ్లాట్‌లో పుట్టి పెరిగిన మనిషి ఒళ్ళు వేరు, ఇక్కడ డక్టెడ్ ఏసీకి అలవాటు పడిన ఒళ్ళు వేరు. అదే మనిషి పదేళ్ళ తర్వాత మారతాడు కూడా. ఆమె అంకెను వదిలేసినా, పని చేసిన తీరును తీసుకోవచ్చు. ఆ తీరుకు మూలపురుషుల్లో ఒకరు ఈ దేశంలోనే ఉన్నారు. సిడ్నీలో పనిచేసిన రిచర్డ్ డి డియర్, బర్క్‌లీలోని గెయిల్ బ్రాగర్ 160 భవనాల నుంచి దాదాపు 21 వేల జవాబులు పోగేసి, మనిషి బయటి వాతావరణాన్నిబట్టి హాయిని సర్దుకుంటాడని చూపించారు. 2004లో అమెరికా ప్రమాణం దాన్ని ఒప్పుకుంది. భారతదేశానికి అలాంటి నమూనా కట్టిన బృందంలోనూ డి డియర్, సిడ్నీ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన లీనా థామస్ ఉన్నారు. 2016 భారత నియమావళిలో ఆ నమూనాకు చోటు దొరికింది. అహ్మదాబాద్‌కు పనికొచ్చిన సిడ్నీ విద్య పశ్చిమ సిడ్నీలోని బ్లాక్‌టౌన్‌కు పనికిరాకుండా ఎందుకు పోయింది?

మనుషులను అడిగినంత మాత్రాన నిజం చేతికొస్తుందని కూడా అనుకోకండి, ఆ బుట్టలోనూ నేను పడను. మెల్‌బోర్న్‌లో 2006లో తెరిచిన నగరపాలక కార్యాలయం కౌన్సిల్ హౌస్ 2 గురించి మీరు ఎన్ని సభల్లో విన్నారో: కొత్త భవనంలో ఉద్యోగుల ఉత్పాదకత 10.9 శాతం పెరిగింది అని. ఆ అంకె వచ్చింది ఉద్యోగులు తమ పని గురించి తామే చెప్పుకున్న జవాబుల నుంచి. కొత్త భవనం, కొత్త కుర్చీ, అందరూ పొగుడుతున్న చోటు. పని బాగా సాగుతోందా అంటే సాగడం లేదని ఎవరంటారు? సర్వే చేసినవాళ్ళు దాచిందేమీ లేదు, అంకెను పట్టుకుని తిరిగినవాళ్ళే అది ఎలా పుట్టిందో చెప్పడం మానేశారు. మక్వారీ విశ్వవిద్యాలయం భవనాల్లో మాక్స్ డూబుల్, డి డియర్ 2012లో ఇంకో చిత్రం చూపించారు. పర్యావరణం మీద ఇష్టమున్నవాళ్ళు, హరిత భవనంలో ఉక్కపోసినా సర్దుకుపోతారు. అంటే జవాబులో సగం భవనానిది, సగం మనిషి మనసుది. అందుకే మీటరూ కావాలి, మాటా కావాలి, రెండూ పోట్లాడుకున్నప్పుడు ఎందుకని అడిగేవాడూ కావాలి.

మీ బోర్డు కోసమే 2016లో జరిగిన తడి, బూజు అధ్యయనం గుర్తుందా? కొత్త ఇళ్ళలో దాదాపు 40 శాతానికి ఆ సమస్య ఉందన్న అంకె అందులోంచే బయటికి వచ్చింది. అదీ ఎక్కువగా రంగంలో ఉన్నవాళ్ళ అభిప్రాయాలను అడిగి తేల్చినదే. గోడలు విప్పి చూసి ఎంచిన లెక్క కాదు. మెల్‌బోర్న్ చలికాలంలో కుక్కర్ ఆవిరి, ఇడ్లీ ఆవిరి, ఇంట్లోనే ఆరేసిన బట్టల తేమ కలిసి వార్డ్‌రోబ్ వెనక గోడను నల్లగా చేస్తాయి. ఏ ఇంట్లో ఎంత అన్నది మన దగ్గర ఇప్పటికీ అభిప్రాయంగానే ఉంది.

ఇంతదూరం వచ్చాక మీకు హెల్త్‌హాబిటాట్ అనే సంస్థ గురించి గుర్తుచేయాలి. భవన పరిశోధన అంటే ఏమిటో నాకు తెలిసినంతలో ఈ నేల మీద అంత నిక్కచ్చిగా చూపించినవాళ్ళు లేరు. 1985లో దక్షిణ ఆస్ట్రేలియా వాయవ్య మూలన, అనంగు పిత్జంత్‌జత్‌జర నేలల్లో, అక్కడి ఆరోగ్య మండలి పెద్ద యామీ లెస్టర్ ముగ్గురిని పిలిపించాడు: పాల్ టొర్జిల్లో అనే వైద్యుడు, స్టెఫాన్ రెయినో అనే పర్యావరణ ఆరోగ్య కార్యకర్త, పాల్ ఫొలెరోస్ అనే ఆర్కిటెక్ట్. మా వాళ్ళకు జబ్బులు రాకుండా చేయండి, అన్నాడు. 1987లో వాళ్ళ నివేదిక వచ్చింది. మనిషి ఆరోగ్యంగా ఉండాలంటే ఇంట్లో ఏమేం జరగాలో తొమ్మిది పనులుగా రాసుకున్నారు. మొదటిది స్నానం, ముఖ్యంగా పసిపిల్లల స్నానం. అక్కడి నుంచి ఇల్లిల్లూ తిరిగి పరీక్షలు. కొళాయి తిప్పితే నీళ్ళొస్తున్నాయా, వేడినీళ్ళు ఎంతసేపు వస్తున్నాయి, పోసిన నీరు తూములోంచి పోతోందా, ప్లగ్గులో ఎర్తింగ్ ఉందా. బృందంలో ఎక్కువమంది ఆ ఊరి ఆదివాసులే, చేతిలో చిన్న చిన్న పనిముట్లతో.

వాళ్ళ పద్ధతిలో ఒక నియమముంది: సేవ లేకుండా సర్వే లేదు. మొదటి రోజు ఇంట్లో కొళాయి కారుతోందని రాసుకుంటే అదే రోజు బాగుచేయడం మొదలుపెట్టాలి. పరిశోధకుడు చెడిపోయినదాన్ని రాసుకుని వెళ్ళిపోవడం ఉండదు. ఈ ఒక్క నియమంతో వాళ్ళ సమాచారం ఎంత గట్టిపడిందో ఆలోచించండి. ఇంటివాళ్ళు తలుపు తీశారు, దాచకుండా చూపించారు, రెండోసారి వచ్చినప్పుడు మళ్ళీ తీశారు. దేశమంతా వేలాది ఇళ్ళు చూశాక తేలిందేమిటి? పరీక్షించిన ఇళ్ళలో పసిబిడ్డకు స్నానం చేయించే వీలున్నవి మూడో వంతుకు కాస్త అటూఇటూ. ఆదివాసులు ఇళ్ళను పాడుచేసుకుంటారని తరాల తరబడి అన్నారు కదా? చెడిపోయిన వాటిలో ఇంట్లోవాళ్ళ వల్ల చెడినవి పది శాతం లోపే. అత్యధిక భాగం నిర్వహణ లేక, మిగతాది మొదట్లోనే నాసిగా కట్టినందువల్ల. ఇంట్లోకి వెళ్ళి పైపు విప్పి చూసేదాకా ఆ నింద నిందగానే ఉండిపోయింది. తర్వాత న్యూ సౌత్ వేల్స్ ఆరోగ్యశాఖ 1998 నుంచి 2008 దాకా పదేళ్ళ పనిని లెక్కగట్టింది. బాగుచేసిన ఇళ్ళవాళ్ళు అంటువ్యాధులతో ఆసుపత్రిలో చేరడం, అలా బాగుచేయని ఇతర గ్రామీణ ఆదివాసుల కన్నా 40 శాతం తక్కువ. పోల్చడానికి ఇంకో గుంపు ఉంది, పదేళ్ళ వ్యవధి ఉంది, కొలిచింది ఆసుపత్రి రికార్డు. నక్షత్రాలు లేవు. ఫొలెరోస్ 2016లో పోయారు. ఆయన పద్ధతి పట్టణాల కొత్త కాలనీలకు ఎందుకు రాలేదో, దాన్ని ‘వాళ్ళ’ ఇళ్ళకు మాత్రమే పరిమితం చేసింది ఎవరో, మీరే చెప్పాలి.

ఖర్చు అంటారు. అనండి, కానీ ఆ ఖర్చు లెక్క కూడా చూద్దాం. ఏడు నక్షత్రాల నియమం గురించి 2021లో మీ బోర్డు కోసం ఏసీఐఎల్ అలెన్ సంస్థ తయారుచేసిన ముసాయిదా విశ్లేషణ, దేశం మొత్తం మీద ఖర్చు లాభాన్ని మించుతుందని చెప్పింది. అటు వాళ్ళు దాన్ని పట్టుకుని నియమం వద్దన్నారు, ఇటు వాళ్ళు లెక్కలోని ఊహలు తప్పన్నారు. ఆ లెక్కలో లాభం వైపు వేసిన కరెంటు ఆదా చాలావరకు సాఫ్ట్‌వేర్ అంచనాల నుంచి కట్టుకొచ్చినదే. సాఫ్ట్‌వేర్ చెప్పినదాన్ని సాఫ్ట్‌వేర్‌తోనే రుజువు చేస్తూ, నియమం పెంచాలా ఆపాలా అని మీరు వాదించుకుంటున్నారు. నియమం కావాలనేవాళ్ళ చేతిలోనూ, వద్దనేవాళ్ళ చేతిలోనూ కొలిచిన ఇళ్ళు లేవు. అలాంటప్పుడు కోడ్ ఆపాలన్న నిర్ణయం మాత్రం దేని మీద నిలబడింది?

ఆ 12 లక్షల ఇళ్ళ ఒప్పందం గడువు 2029 జూన్ 30. మీ ప్రకటనకూ ఆ తేదీకీ మధ్య నాలుగు వేసవులున్నాయి. నేనడిగేది పెద్దది కాదు. ప్రతి వాతావరణ మండలంలో కొత్తగా తాళాలిచ్చిన ఇళ్ళ నుంచి చీటీ తీసినట్టు కొన్నింటిని ఎంచండి, బిల్డర్ చూపించినవి కాదు. హ్యాండోవర్ రోజున గాలి కారడం కొలవండి. పడకగదుల్లో, ముఖ్యంగా మేడ మీది పడమటి గదుల్లో, చిన్న సెన్సర్ పెట్టి కనీసం రెండు వేసవులు, రెండు చలికాలాలు ఉంచండి. ఇంటివాళ్ళ అనుమతితో బిల్లులు తీసుకోండి. వాళ్ళ భాషలో వాళ్ళను అడగండి. టార్నీట్‌లో అవ్వను ఇంగ్లీషు ఫారంతో ‘థర్మల్ సెన్సేషన్’ అడిగితే ఆమె తలూపుతుంది, ఆ తలూపడాన్ని మీరు ‘సౌకర్యం’ కింద రాసుకుంటారు. అద్దెకున్నవాళ్ళను వదలకండి, వాళ్ళు ఇంటిని మార్చలేరు కాబట్టి ఇల్లు వాళ్ళను ఏం చేస్తోందో వాళ్ళకే బాగా తెలుసు. ఇన్సులేషన్ పరవడం మరిచిపోయిన చోటు దొరికితే, ఫొలెరోస్ బృందం లాగా, రాసుకున్న రోజే బాగుచేయించే ఏర్పాటు పెట్టండి. అడిలైడ్‌లోని లోకిఎల్ పార్క్‌లో ఏడున్నర నక్షత్రాల ఇళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధకులున్నారు. ఈ పని ఎలా చేయాలో కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. పేర్లు తీసేసి ఆ సమాచారమంతా అందరికీ అందేలా పెట్టండి, ఆర్కిటెక్చర్ విద్యార్థి నుంచి బిల్డర్ల సంఘం దాకా ఎవరైనా వచ్చి తప్పులు పట్టేలా.

ఇంకొక్కటి, ఇది ఖర్చు లేనిది. ఇకపై మీరు విడుదల చేసే ప్రతి పత్రంలో ప్రతి అంకె పక్కన అది సాఫ్ట్‌వేర్ చెప్పిందా, మీటరు చెప్పిందా, మనుషులను అడిగితే వచ్చిందా, అడిగితే ఎంతమందిని అన్నది ఒక్క ముక్క రాయండి. ‘ఏడు నక్షత్రాల ఇల్లు’ అని డిస్‌ప్లే హోమ్ గోడ మీద బోర్డు పెట్టే బిల్డర్ చేత కూడా ‘ప్లాన్ దశలో అంచనా’ అని అదే సైజు అక్షరాల్లో రాయించండి.

కోడ్‌ను మళ్ళీ తెరిచేనాటికి ఆ ఇళ్ళ వివరాలు మీ ముందు ఉంటాయా, లేదా? ఉంటాయంటే ఎన్ని ఇళ్ళు, ఏ ఊళ్ళలో, ఎవరి బాధ్యత, ఉండవంటే ఎందుకని. రెంటిలో ఏదైనా సరే, మీ తర్వాతి సమావేశం మినిట్స్‌లో రాయించి, అందరికీ కనబడేలా పెట్టమని కోరుతున్నాను.

భవదీయుడు,
పశ్చిమ సిడ్నీలో ఇంటి అప్పు కడుతున్న ఒక తెలుగువాడు